కల్యమాకు (కరివేపాకు) చెట్టు మీది పురుగు: కష్టకాలంలో ఓదార్పునిచ్చిన చిన్న ప్రాణుల గురించి మీ అనుభవాలు తెలుపగలరు

హన్మకొండ ఆడబిడ్డ:
2021 మే నెలలో మా బాపు కరోనాతో పోయారు. ఆసుపత్రి నుండి నేరుగా శ్మశానానికే తీసుకుపోయినందున, ఆయనను ఒక్క ఘడియైనా ఇంటి ముందు పడుకోబెట్టుకోలేకపోయామన్న బాధ నన్ను నిద్రపోనివ్వలేదు. జూలైలో ఒక పొద్దున, ఆయన పెట్టిన కల్యమాకు చెట్టు దగ్గరికి పోపు కోసం రెండు రెబ్బలు తెంపడానికి పోతే, ఆకు మీద పిట్ట రెట్ట వంటిది కనిపించింది. పుల్లతో తీసివేయబోయేసరికి అది కదిలింది. కొన్నాళ్లకు కుబుసం విడిచి ఆకుపచ్చగా మారింది. వేలితో మెల్లగా తాకితే తల వెనుక నుండి రెండు ఎర్రని కొమ్ములు బయటికి వచ్చి గుప్పున ఘాటు వాసన కొట్టింది. ఉలిక్కిపడి నవ్వేశాను. రెండు నెలల తరువాత నా నవ్వు విని అమ్మ వంటింట్లో నుండి పరుగెత్తుకొచ్చింది.

ఆ తరువాత అది కొమ్మకు ఆనుకొని, గీత కార్మికుడు తాటిచెట్టు మీద మోకు వేసుకొని వెనక్కి ఒరిగినట్లు, నడుము చుట్టూ సన్నని దారం కట్టుకొని కదలకుండా ఉండిపోయింది. లేవగానే చూడవలసినది ఒకటి ఉన్నదన్న ధ్యాసతోనే ఆ రోజులలో మంచం దిగగలిగాను. ఒకనాడు పొద్దున్నే నల్లని రెక్కలతో బయటికి వచ్చింది. రెక్కలు ఆరేదాకా పక్కనే కూర్చున్నాను.

కాజీపేట సారు:
అమ్మా, అది నిమ్మ, కరివేపాకు జాతి చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుక. మగవాటికి వెనుక రెక్కల మీద తెల్లని చుక్కల వరుస ఉంటుంది. ఆడవాటిలో కొన్ని, పక్షులు తినని మరొక సీతాకోకచిలుకను అనుకరిస్తూ ఎర్రని మచ్చలతో ఉంటాయి. నా భార్య మంచాన పడిన ఏడాది, ఆమె చూస్తుందని నేనొక పురుగును సీసాలో పెట్టి బిగుతుగా మూత వేశాను, అది చనిపోయింది. ఆమె చాలా బాధపడింది. దయచేసి ఎవరూ అలా చేయవద్దు, చెట్టు మీదనే ఉండనివ్వండి.

పరకాల రైతు:
నేను చెప్పేది ఆరుద్ర పురుగు గురించి. ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి శాస్త్రం ప్రకారం అది సాలీడు వర్గానిదే అయినా, మాకది పురుగే. ఒక ఏడు మొదటి వానకు పెట్టిన పత్తి గింజలు మొలవక, రెండోసారి అప్పు తెచ్చి పెట్టి, మబ్బుల వైపు చూస్తూ అన్నం సహించని స్థితిలో ఉన్నాను. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వచ్చింది, రాత్రి వాన పడింది. తెల్లవారి చెల్కలో తడి మట్టి మీద, మఖమలు ముక్కలు చల్లినట్లు ఎర్రగా నడుస్తున్నాయి. మా అవ్వ ఒకదానిని నా అరచేతిలో పెట్టి, కాళ్లు ముడుచుకున్న ఆ ప్రాణి మళ్లీ నడిచేదాకా కదలవద్దన్నది. ఆ కాసేపు అప్పు గుర్తుకు రాలేదు. ఆ ఏడు పంట సగమే వచ్చింది, అది వేరే మాట.

నర్సంపేట కోడలు:
మా అత్తమ్మ ఆకులన్నీ పోతున్నాయని వేపనూనె కొట్టమంటున్నారు. ఏమి చేయాలి?

హన్మకొండ ఆడబిడ్డ:
మా అమ్మ కూడా మొదట అదే మాట అన్నది. పెద్ద చెట్టయితే నాలుగు పురుగులకు ఏమీ కాదు, మళ్లీ చిగురిస్తుంది. మొక్క చిన్నదైతే పురుగులను ఆకుతో సహా నిమ్మచెట్టు మీదికి మార్చండి. మేము వంటకు వేరే మొక్క నాటుకొని, బాపు చెట్టును వాటికే వదిలివేశాము. ఈ పొద్దున లేత చిగురు మీద ఆవగింజంత పసుపు గుడ్లు మూడు కనిపించాయి.