పెరట్లో సామాన్ల షెడ్డు: 6×8 చాలా, 10×12 కావాలా?

పెరటిమనిషి:
తిరుపతిలో ఇల్లు. వెనక ఖాళీ 14×24 అడుగులు. అందులో ఓ మూల సెప్టిక్ ట్యాంకు, ఓ కొబ్బరి చెట్టు ఉన్నాయి. పెట్టాల్సినవి: 2 సైకిళ్లు, 6 మూటల చెనక్కాయలు, 20 మామిడికాయల క్రేట్లు, 12 అడుగుల నిచ్చెన, మోటారు సామాను, పెయింటు డబ్బాలు. వెల్డింగ్ ఆయన 6×8 చాలంటాడు, మేస్త్రి 10×12కి తగ్గొద్దంటాడు. ఏది?

మిద్దెమేస్త్రి:
10×12. ఇంకో ఆలోచన వద్దు. షెడ్డు చిన్నదైపోయిందని ఏడ్చినోళ్లే గానీ పెద్దదైపోయిందని ఏడ్చినోడు లేడు. 4 అంగుళాల ఇటుక గోడ, ఎత్తు 10 అడుగులు, ఒక కిటికీ. కట్టేది ఒకసారేనబ్బా.

రేకులరాయుడు:
అన్నా, సామాను చూసి కాదు, రేకు చూసి కొలత పెట్టాలి. కలర్ రేకు వెడల్పు మూడున్నర అడుగులు, ఒకదాని మీద ఒకటి ఎక్కించాక నికరంగా కప్పేది 3 అడుగుల 3 అంగుళాలు. 2 రేకులేస్తే 6 అడుగుల 9 అంగుళాలు, 3 వేస్తే 10 అడుగులు, 4 వేస్తే 13 అడుగుల 3 అంగుళాలు. రెండు పక్కలా చూరు తీసేస్తే షెడ్డు వెడల్పు 6, 9, 12 మాత్రమే లెక్కకొస్తాయి. 10 అడుగులకి పోతే నాలుగో రేకు కొని మూడొంతులు కోసి పారేయాలి.
రేకు పొడవు 10 అడుగులు తీసుకో. ముందూ వెనకా చూరు పోను లోతు 8 అడుగులు. అంటే 9×8. సరిగ్గా 2 అంకణాలు.
లోపల లెక్క: సైకిళ్లు ఎదురుబొదురుగా పెడితే 3 అడుగులు, నడవ రెండున్నర, మూటలు 3. వెనక గోడకి అడుగున్నర లోతు అరలు కొడితే క్రేట్లు, డబ్బాలు అక్కడికి పోతాయి. నిచ్చెన లోపలికి తేవద్దు, దానికోసమే షెడ్డు పెంచడం తెలివితక్కువ. బయట కాంపౌండు గోడకి కొక్కేలు కొట్టి పడుకోబెట్టు.

నెల్లూరోడు:
2 అంకణాలంటే 144 చదరపు అడుగులు. 10×12 కూడా 120యే. చిన్నది చాలని చెప్తూ అంతకన్నా పెద్దది కట్టమంటున్నారేంటి?

రేకులరాయుడు:
సామీ, మీ అంకణం 72. మా తిరుపతి అంకణం 36. తొమ్మిదెనిమిదులు 72, మీకు ఒకటి, మాకు రెండు.

నెల్లూరోడు:
అట్టాంటప్పుడు అడుగుల్లోనే రాయాలి. నలుగురు చదివే చోట అంకణాలెందుకు?

రేకులరాయుడు:
రాసినానే, 9×8 అని!

వాస్తుప్రియ:
ఏ కొలతైనా సరే, ఈశాన్యంలో బరువు పెట్టకండి. నైరుతి మూలే.

పలమనేరు82:
వాస్తు సంగతి అటుంచండి, మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచే కొడతాయి. వాకిలి అటువైపు పెడితే జల్లు నేరుగా మూటల మీదికే. 2021 నవంబరు వరదలు గుర్తుంటే అరుగు అడుగున్నరకి తగ్గించరు. మూటల కింద 6 అంగుళాల ఎత్తున చెక్కలు, గోడకి అడుగు ఎడం. రేకు వేడికి పగలు ఉడికి రాత్రి చెమ్మ పడితే చెనక్కాయలకి బూజు పడుతుంది, అది తినడానికి పనికిరాదు. పైన రెండు పక్కలా గాలికి జాలీ పెట్టండి, ఎలుక దూరనంత సన్నది.

మిద్దెమేస్త్రి:
ఇదంతా రేకు డబ్బాతో వచ్చే తలనొప్పి. గోడ కట్టుకుంటే ఏ బాధా లేదు. ఎట్టాగూ కడతా ఉన్నారు కాబట్టి ఒక కరెంటు పాయింటు, కింద ఒక నీళ్ల పైపు, మురుగు పైపు ఇప్పుడే వేసుకోండి. తర్వాత పగలగొట్టడం జాస్తి ఖర్చు.

కొండకిందివాడు:
రేకు మందం 0.5 మిల్లీమీటర్లకి తగ్గొద్దు. కోతులు దూకే వీధి అయితే పల్చటి రేకు ఏడాదికి సొట్టల మయం. స్క్రూ రేకు గట్టు మీద కొట్టించండి, పల్లంలో కాదు. రబ్బరు వాషరు చితికేంత బిగిస్తే అక్కడే కారుతుంది.

రేకులరాయుడు:
మేస్త్రీ, చెనక్కాయ మూటలకి మురుగు పైపు ఎందుకు?

మిద్దెమేస్త్రి:
చెయ్యి కడుక్కోవడానికి.

రేకులరాయుడు:
4 అంగుళాల మురుగు పైపు చెయ్యి కడుక్కోవడానికా? 10 అడుగుల ఎత్తు, కిటికీ, కరెంటు, నీళ్లు. మీరు మొదటి నుంచీ చెప్తున్నది షెడ్డు కాదు.

మిద్దెమేస్త్రి:
అవును, కాదు! ఏం తప్పు? తిరుపతిలో 10×12 గది ఖాళీగా ఉంటుందా? చదువుకునే పిల్లోళ్లకి ఇస్తే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. పాత సైకిళ్లకి, ఖాళీ డబ్బాలకి నువ్వు కట్టే గూడు ఏం సంపాదించి పెడుతుంది? పనికిరాని సామాను పాతోళ్లకేసి గది కట్టుకోమంటా.

రేకులరాయుడు:
ఆ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. గది కావాలంటే గదిలా కట్టు: పునాది, పిల్లర్లు, ప్లాను అనుమతి. వెనక ఖాళీ వదిలినట్టు ప్లానులో చూపించి అక్కడే పక్కా గది లేపితే రేపు అడిగేవాళ్లు అడుగుతారు. 4 అంగుళాల గోడ మీద స్లాబు నిలవదు. స్లాబు లేకుండా రేకు కింద మే నెలలో మనిషిని పడుకోబెడతావా? నీది షెడ్డుకి ఎక్కువ, గదికి తక్కువ.
షెడ్డుకి 2×2 అంగుళాల చదరపు పైపు చాలు. పైపు 20 అడుగులు వస్తుంది. ముందు స్తంభం 9, వెనకది 8, రెండిట్లోనూ అడుగున్నర కాంక్రీటు గుంతలోకి. మిగిలిన 3 అడుగుల ముక్క అరలకి. మూల స్తంభాలు నాలుగూ రెండు పైపుల్లో అయిపోతాయి. వాకిలి ఫ్రేముకి, పైన అడ్డ పట్టీలకి విడిగా లెక్క వేసుకో.

నెల్లూరోడు:
ఆ అంకణం సంగతి పైన దిద్దితే బాగుంటుంది.

పలమనేరు82:
పెరటిమనిషి గారూ, అసలు మీకు కావాల్సింది అద్దె గదా, సామాను గదా? అది తేలకుండా కొలత తేలదు.

పెరటిమనిషి:
సామానుకే. అద్దె ఆలోచన మేస్త్రిదే, నాది కాదు. 9×8కి రేకులు చెప్పేస్తాను. నైరుతి మూలే అనుకున్నా, కానీ సెప్టిక్ ట్యాంకు మూత అక్కడే ఉంది. ఎంత దూరం జరపాలి?

రేకులరాయుడు:
మూత షెడ్డు కిందికి రానే కూడదు. పూర్తిగా ఎత్తి పక్కన పెట్టి, ట్యాంకు తోడే పైపు పట్టుకుని మనిషి నిలబడేంత చోటు కావాలి. 3 అడుగులు వదిలి గుంత తీయి. గుంత ట్యాంకు గోడకి తగలకుండా చూసుకో. చూరు నీళ్లు మూత మీద పడకుండా వాలు అవతలికి పెట్టు.

వాస్తుప్రియ:
3 అడుగులు జరిపినా నైరుతే అవుతుంది లెండి.