నీటిరంగుల్లో సంధ్యాకాశం: నారింజ, నీలం కలిసే చోట మురికిరంగు రాకుండా ఏం చేయాలి?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ నుంచి కొవ్వూరు వైపు కనిపించే సూర్యాస్తమయాన్ని నీటిరంగుల్లో చిత్రిస్తున్నాను. నేలంచున పసుపు, దానిపైన నారింజ, ఆపైన నీలం వేస్తున్నాను. అయితే నారింజ, నీలం కలిసిన చోట బూడిదరంగు, పసుపును నీలం తాకిన చోట ఆకుపచ్చ వస్తున్నాయి. ఆరాక అక్కడక్కడ వంకర అంచుల మరకలు కూడా తేలుతున్నాయి. నా దగ్గరున్నది చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు, అంటే 200 జీఎస్‌ఎం కాగితం. ఏ క్రమంలో వేయాలో, ఎక్కడ ఆగాలో తెలిసినవారు వివరించగలరు.

జవాబు:
నమస్కారమండీ. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూలం ఆకాశమంతటినీ ఒకే తడిలో ముగించాలనుకోవడమే. సంధ్యాకాశాన్ని కనీసం రెండు విడతల్లో, మధ్యలో కాగితాన్ని పూర్తిగా ఆరనిచ్చి వేయాలి.

ముందుగా, వీలైతే 300 జీఎస్‌ఎం కాటన్ కాగితానికి మారండి. పలుచని కాగితం తడికి ఉబ్బి, ఆ గుంటల్లో రంగు నిలిచిపోతుంది. కాగితం నాలుగు అంచులనూ టేపుతో పలకకు అతికించి, నేలంచు గీతను బాగా కిందికి గీసుకోండి, ఎందుకంటే ఈ చిత్రంలో చెప్పదలచుకున్నది ఆకాశమే.

మొదటి విడతలో వెడల్పాటి కుంచెతో ఆకాశభాగమంతా మంచినీటితో తడిపి, నీరు ఎక్కడా నిలవకుండా సమంగా మెరుస్తున్నప్పుడు, నేలంచు దగ్గర పసుపు, దానిపైన గులాబీ వేసి, పైకి పోయేకొద్దీ పలుచబరచండి. నారింజను విడిగా వేయనక్కరలేదు. ఆ రెండూ కలిసిన చోట అదే పుడుతుంది. ఇక్కడ తప్పకుండా ఆగాలి. వేళ్ల వెనుక భాగంతో తాకినప్పుడు చల్లగా తగిలితే కాగితం లోపల ఇంకా తడి ఉన్నట్టే.

రెండో విడతలో మళ్లీ రుద్దకుండా మెత్తగా తడిపి, ఆకాశం పైఅంచు కిందికి వచ్చేలా పలకను తిప్పి కొద్దిగా వాల్చండి. అప్పుడు నీలం ఆకాశం పైఅంచు వైపే జారుతుంది గాని పసుపులోకి దిగదు. గులాబీని సమీపించేకొద్దీ నీలాన్ని పలుచన చేస్తే ఆ కలయికలో ఊదా వస్తుంది. నారింజ, నీలం వర్ణచక్రంలో ఎదురెదురుగా ఉండే రంగులు కనుక నేరుగా కలిస్తే ఒకదాని కాంతిని మరొకటి చంపుతుంది. మధ్యలోని గులాబీ పట్టీ ఆ రెంటినీ దూరంగా ఉంచుతుంది. నీలాల్లో ఈ పనికి ఊదా వైపు మొగ్గే అల్ట్రామెరైన్ మేలు. ప్రష్యన్ బ్లూ పచ్చదనం వైపు మొగ్గుతుంది. ఆరితే రంగు తేలిపోతుంది కాబట్టి, మీకు కావలసినదానికంటే కాస్త ముదురుగానే కలుపుకోండి.

మరకల సంగతికి వస్తే, సగం ఆరిన రంగులోకి అంతకంటే తడిగా ఉన్న కుంచె దిగినప్పుడు, కొత్త నీరు రంగును అంచులకు నెట్టడం వల్ల అవి ఏర్పడతాయి. అందువల్ల మబ్బులను కాగితం మెరుపు తగ్గుతున్న వేళ, చిక్కని రంగుతో, నీరు పిండేసిన కుంచెతో వేయండి. సూర్యుడు దిగిపోయాక వెలుగు మబ్బుల అడుగుభాగాన పడుతుంది కనుక అక్కడ గులాబీని వదిలేసి, పైభాగాన్నే ఊదాబూడిదతో నింపాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. నదిని, ఆర్చి వంతెనను ఎప్పుడు వేయాలి? వంతెనకు నలుపు వాడవచ్చునా?

జవాబు:
నదికి వేరే రంగులు కలపవద్దు. ఆకాశంలో వాడినవాటినే తలకిందుల క్రమంలో, ఒక పాలు ముదురుగా, అడ్డగీతలతో వేయండి. అవతలి గట్టు చెట్లకు అల్ట్రామెరైన్, గులాబీ మిశ్రమంలో చుక్క నారింజ కలిపితే చాలు. ఆకాశంలో వద్దన్న కలయికే ఇక్కడ అక్కరకు వస్తుంది. వంతెన అంతా ఆరాక చివరిగా రావాలి. గొట్టంలోని నలుపు అంతటి వెలుగు ముందు అతికించినట్టు కనిపిస్తుంది కనుక, అదే మిశ్రమాన్ని చిక్కగా వాడి, దూరమయ్యేకొద్దీ ఆర్చీలను పలుచన చేయండి. మీరు ఆ ఊళ్లోనే ఉంటే దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లి, 1925లో 28 ఏళ్లయినా నిండకుండా కన్నుమూసిన ఆ చిత్రకారుడి నీటిరంగు చిత్రాలను తీరికగా చూడండి.

మరొక సభ్యురాలు:
పై వివరణకు ఒక్క మాట చేరుస్తాను. గులాబీ కోసం అలిజరిన్ క్రిమ్‌సన్ వాడేవారు ఎక్కువ, కాని అసలు అలిజరిన్ వెలుతురుకు వెలిసిపోతుంది. గోడకు తగిలించే చిత్రమైతే గొట్టం మీద పీవీ19 అనే వర్ణద్రవ్య సంకేతం ఉన్న క్వినాక్రిడోన్ రోజ్ కొనుక్కోండి.