పాప అరచేతుల్లో తోలు లేచిపోతోంది, బార్స్ మానిపించాలా?

చిన్ని అమ్మ (ప్రశ్న)
మా పాపకి తొమ్మిదేళ్ళు. ఏడాదిన్నరగా జిమ్నాస్టిక్స్‌కి వెళ్తోంది, ఈమధ్యే బార్స్ (పట్టుకుని వేలాడే అడ్డకమ్మీలు) మీద కిప్, అంటే వేలాడుతూ ఊగి కమ్మీ పైకి లేవడం, నేర్పుతున్నారు. నిన్న ఇంటికొచ్చి పిడికిలి విప్పదే! బలవంతాన చూస్తే రెండు అరచేతుల్లోనూ వేళ్ళ మొదట్లో రూపాయి బిళ్ళంత తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. కోచ్‌ని అడిగితే "అందరికీ అయ్యేదేనమ్మా, అలవాటైపోతుంది" అన్నారు. మా అత్తగారు పసుపు అద్దుతానంటారు, మా ఆయన అసలు మానిపించేయమంటారు. అన్నం స్పూన్‌తో తింటోంది, అయినా దాని ఏడుపంతా శనివారం క్లాసు పోతుందనే.

పాత జిమ్నాస్ట్
పసుపు వద్దండీ, పచ్చిపుండు మీద వంటింటి పొడులేవీ వేయకండి. సబ్బూ నీళ్ళతో కడగండి (మండుతుంది, పాట పాడమనండి), వేలాడుతున్న తోలుని లాగకుండా శుభ్రమైన చిన్న కత్తెరతో కత్తిరించి, ఆయింట్‌మెంట్ రాసి కట్టు కట్టండి. పుండు ఎండితే చేతి గీతల దగ్గర మళ్ళీ పగులుతుంది, అందుకే రాత్రి వాజలైన్ రాసి చేతులకి పాత సాక్సు తొడగండి. మానేవరకు బార్స్ వద్దు, కాళ్ళ వ్యాయామాలు చేసుకోవచ్చు. చుట్టూ ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇంకోటి, చాలామంది తోలు మెత్తగా ఉండి ఊడిందనుకుంటారు గానీ మా చేతుల్లో ఎప్పుడూ ఊడింది కాయలు కాసిన చోటే. కాయ ఎత్తుగా పెరిగితే బార్‌కి పట్టుకుని మొత్తం లేచొస్తుంది. స్నానం అయ్యాక కాళ్ళు రుద్దుకునే రాయితో పైపైన అరగదీయాలి, పూర్తిగా తీసేయకూడదు.

డల్లాస్ నాన్న
మా అమ్మాయికి గ్రిప్స్ (అరచేతికి కట్టుకునే తోలు పట్టీలు) కొన్నాక బాగా తగ్గింది. కానీ సైజు కోచ్‌తోనే చూపించుకోండి, వదులైతే బార్ మీద ఇరుక్కుని ప్రమాదం. చేతులు జారకుండా రాసుకునే చాక్ పొడి కూడా గుప్పెడు పూసేస్తారు పిల్లలు, మరీ ఎండిపోయినా తోలు చిట్లుతుంది. మీ ఆయనకి మన హైదరాబాద్ జిమ్నాస్ట్ అరుణా రెడ్డి సంగతి చెప్పండి, 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో కాంస్యం. ఆవిడది బార్స్ కాదు, వాల్ట్ (పరుగెత్తి బల్ల మీదుగా దూకడం) కదా అంటారేమో, అననీయండి.

ఫిజియో అక్క
తోలు సంగతి వారంలో సర్దుకుంటుంది. నేను అడిగేది మణికట్టు గురించి. ఈ వయసులో ఎముక చివర ఇంకా ఎదుగుతూ ఉంటుంది, చేతుల మీద బరువు పడీ పడీ అక్కడ వాస్తుంది. మడమలో కూడా ఇలాంటి నొప్పే వస్తుంది, దూకుళ్ళ వల్ల. అలవాటైపోతుందన్న మాట తోలుకి సరే, ఎముకకి కాదు. చేయి నేలకి ఆనించి బరువు వేయమనండి, నొప్పంటే క్లాసు ఆపి డాక్టర్‌కి చూపించండి.

చిన్ని అమ్మ
ఇప్పుడే చేయించాను అక్కా. కుడిచేయి బాగానే ఉంది, ఎడమ చేతికి మొహం చిట్లించి "కొంచెమే అమ్మా" అంది. ఎన్నాళ్ళుగా అంటే దసరా సెలవుల నుంచట. సోమవారం ఆర్థో దగ్గరికి వెళ్తున్నాం. శనివారం క్లాసుకి వెళ్ళట్లేదని దానికింకా చెప్పలేదు.