దిగుమతి కెమికల్స్ డ్రమ్ముతో తెలుగు ఎస్‌డీఎస్ కూడా తప్పనిసరి చేయాలా?

పిక్లింగ్‌షాపు: మాది లోహాన్ని యాసిడ్‌తో శుభ్రం చేసే షాపు. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి మీద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటికి సేఫ్టీ డేటా షీట్, అదే ఎస్‌డీఎస్, ఉండాలి. ప్రమాదమేంటో, ఏం జాగ్రత్త పడాలో చెప్పే కాగితమది. వచ్చేదేమో 16 సెక్షన్లు, మొత్తం ఇంగ్లిష్. మూత తీసేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. తెలుగు ప్రతి తప్పనిసరి చేయాలంటాను.

పోర్టురోడ్డు: ఇంకో కాగితమా! పోయినేడు ఎస్‌డీఎస్‌లో సీఏఎస్ నంబరు, అంటే రసాయనాన్ని గుర్తించే నంబరు, ఒక్క అంకె తేడా ఉందని నా కంటైనర్ పదకొండు రోజులు ఆపారు. టైపింగ్ తప్పు సప్లయర్‌ది, ఆలస్యానికి కట్టే డెమరేజ్ నాది. ఇప్పుడు తెలుగు కూడానా? ‘కరోసివ్’ని ‘క్షయకారకం’ అని రాస్తే మీ హెల్పర్‌కి అర్థమవుతుందా?

చాయ్‌బ్రేక్: ‘ఒళ్లు కాలుతుంది’ అని రాయండి, సరిపోతుంది.

రూలుబుక్: అసలు సంగతి వదిలేశారు. అవే నిబంధనల్లో రూల్ 18 ప్రకారం దిగుమతి సమాచారం అధికారులకి 30 రోజుల ముందే ఇవ్వాలి. ఇచ్చారా?

పోర్టురోడ్డు: పూర్తిగా చదవండి సార్. 30 రోజుల ముందు, లేదా వీలైనంత త్వరగా, దిగుమతి తేదీ దాటకుండా. నేను దాటలేదు.

రూలుబుక్: ఆ ‘లేదా’ మీ సౌకర్యం కోసం పెట్టింది కాదు.

సీహెచ్‌ఏ_తమ్ముడు: అయిపోయింది, ఇక ‘లేదా’ మీద మూడు పేజీలు.

పిక్లింగ్‌షాపు: మా షాపులో కుర్రాడి వేలి మీద హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చుక్క పడింది. పలచటిది కాబట్టి మంట లేదు. కుళాయి కింద కడుక్కుని పని చేసుకున్నాడు. రాత్రి ఎముకలోంచి నొప్పి, ఏడుపు. వెంటనే కాల్షియం గ్లూకోనేట్ జెల్ రుద్దాలని నాలుగో సెక్షన్‌లో ఉంటుంది. అది మాలో ఎవరికీ తెలియదు.

పోర్టురోడ్డు: బాధే. కానీ కాగితం ప్రమాదాన్ని ఆపుతుందా? 2020 మేలో విశాఖలో స్టైరీన్ లీకైంది. వేడెక్కితే దానంతటదే పాలిమరైజ్ అవుతుందని, అంటే అణువులు గొలుసులా అతుక్కుంటూ ఇంకా వేడి పుట్టిస్తాయని, స్టైరీన్ షీట్లో ఉండే మాటే. అయినా ట్యాంకు పైభాగంలో వేడి కొలిచే ఏర్పాటే లేదని హైపవర్ కమిటీ తేల్చింది. అక్కడ ఇంగ్లిష్ రానివాళ్లా ఉన్నది? పైగా మీ దగ్గర సగం మంది ఒడిశా, బీహార్ వాళ్లే అయ్యుంటారు. ఒడియాలోనూ రాయించాలా?

పిక్లింగ్‌షాపు: రాయించండి! ఆ కుర్రాడిది గంజాం జిల్లానే. అయినా నా గొడవ భాష గురించి కాదు, ఇప్పుడు చెప్తున్నా. ఆ యాసిడ్ వచ్చింది 35 లీటర్ల నీలం డబ్బాలో. లేబుల్ లేదు. మార్కర్‌తో ‘యాసిడ్ 2’ అని రాసుంది, అంతే. మీలాంటి ట్రేడరే పెద్ద డ్రమ్ము విప్పి చిన్న డబ్బాల్లో పోసి అమ్మాడు. షీట్ పోర్టు దాటి రాలేదు. మీరు కొనేవాళ్లకి షీట్ ఇస్తారా, ఇవ్వరా?

పోర్టురోడ్డు: అడిగితే ఇస్తాను.

పిక్లింగ్‌షాపు: ఈ ఏడాది ఎంతమంది అడిగారు?

పోర్టురోడ్డు: బిల్లే వద్దనేవాళ్లు షీట్ అడుగుతారా? నా పేరున్న కాగితం ప్రతి డబ్బాకీ అంటించి పంపితే, మీ షాపులో గ్లవ్స్ లేకపోయినా కేసు నా మీదకే వస్తుంది. అది ఎవరు మోస్తారు?

పిక్లింగ్‌షాపు: అదీ అసలు మాట. ఇంతసేపూ తెలుగు, ఒడియా అంటూ తిప్పారు.

పోర్టురోడ్డు: ముందు మీ గ్లవ్స్ సంగతి చెప్పండి.

చాయ్‌బ్రేక్: కుర్రాడి వేలు ఎలా ఉందండీ?

పిక్లింగ్‌షాపు: పై కణుపు తీసేశారు. ఊరెళ్లిపోయాడు.

రూలుబుక్: 30 రోజుల సంగతి ఇంకా తేలలేదు.