సుబ్బీ గొబ్బెమ్మ పాటలో వేడుకుంటున్నది ఎవరిని?

ధనుర్మాసంలో ముగ్గుల మధ్య పెట్టే గొబ్బెమ్మలు గోపికలకు గుర్తులని, నడుమ ఉండే పెద్ద గొబ్బెమ్మ కృష్ణుడనో గోదాదేవి అనో చెప్పడం మనకు అలవాటు. ఆ వివరణ అందమైనదే గాని, ఆడపిల్లలు పాడే పాటలోని మాటలు దానికి ఒప్పుకుంటున్నట్టు నాకు తోచదు.

సుబ్బీ గొబ్బెమ్మా శుభములీయవే
తామర పువ్వంటి తమ్ముణ్ణియ్యవే
చేమంతి పువ్వంటి చెల్లెల్నియ్యవే
మొగలి పువ్వంటి మొగుణ్ణియ్యవే

కొన్ని ఊళ్లలో 'సుఖములీయవే' అని కూడా పాడతారు. ఏ పాఠంలోనైనా ప్రతి పాదమూ 'ఇయ్యవే' అనే ముగుస్తుంది. ఆ 'వే' వాడుక మాటలో ఆడవారిని చనువుగా పిలిచేటప్పుడు వచ్చేది కనుక, ఈ వేడుకోలు కృష్ణుడికి చేరేది కాదు. ఇక గొబ్బెమ్మ గోపికే అయితే, తానే భర్త కోసం నోము పట్టిన పిల్ల మరొకరికి భర్తను ఎలా ఇస్తుంది? ఇక్కడ గొబ్బెమ్మ వరమిచ్చే అమ్మవారు.

ఆ అమ్మవారు ఎవరన్నదానికి భాగవతం దశమ స్కంధం 22వ అధ్యాయం మంచి ఆధారమని నా నమ్మకం. హేమంతంలో మొదటి నెలలో, అంటే మార్గశిరంలో, వ్రేపల్లె కన్నెలు హవిష్యాన్నం తింటూ, తెల్లవారుజామున యమునలో స్నానం చేసి, గట్టున ఇసుకతో కాత్యాయని ప్రతిమను చేసి, నందగోపుని కొడుకును తమకు భర్తను చేయమని వేడుకున్నారు. అక్కడ ఇసుక, ఇక్కడ ఆవుపేడ. కాలం, కన్నెపిల్లలు, కోరిక మాత్రం దాదాపు అవే. పసుపు కుంకుమలు పెట్టి గుమ్మడిపువ్వు తురిమిన ఆ పేడముద్దను పండుగ అయ్యాక పారవేయకుండా పిడకగా ఎండబెట్టి, రథసప్తమినాడు సూర్యుడికి పరమాన్నం వండే పొయ్యిలో వాడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వట్టి అలంకారానికి అంత మన్నన దక్కదు.

అయితే పువ్వులకు కూడా ఆధ్యాత్మికార్థాలు వెతకడం నాకు సమ్మతం కాదు. తామరకు తమ్ముడు, చేమంతికి చెల్లెలు, మొగలికి మొగుడు తోడుపడింది అక్షరాల పొత్తు వల్లనే. శివపూజకు పనికిరాదని పురాణం చెప్పే మొగలిపువ్వును ఈ పిల్లలు ఏ సంకోచమూ లేకుండా కాబోయే మగనికి పోలిక చేశారంటే, వారికి కావలసింది శాస్త్రం కాదు, చెవికింపైన మాట. పైగా భర్తకంటే ముందే తమ్ముడిని, చెల్లెలిని అడుగుతున్నారు గనుక, ఇది గోపికల విరహభక్తి కన్నా ఇల్లు నిండుగా ఉండాలన్న కోరికకే దగ్గర.

కృష్ణుడు నేరుగా కనిపించే గొబ్బి పాట అన్నమయ్యది: 'కొలని దోపరికి గొబ్బిళ్ళో, యదుకుల స్వామికిని గొబ్బిళ్ళో'. కొలనిలో దోచుకున్నవాడంటే గోపికల వస్త్రాలు ఎత్తుకుపోయినవాడు. ఆ కథ వచ్చేది కూడా కాత్యాయనీ వ్రతం ముగింపులో, భాగవతంలోని అదే అధ్యాయంలోనే. ఇందులో 'దోపరికి', 'స్వామికిని' అని 'కి' విభక్తి ప్రత్యయం ఉంది కాబట్టి గొబ్బి ఇక్కడ పిలుపు అందుకునే దేవత కాదు, స్వామికి అర్పించే వందనం. వ్రతం పట్టి వరం అడిగే దశ జానపదుల పాటలో ఉంటే, ఆ వ్రతం ఫలించి స్వామి ఎదుట నిలిచిన దశ అన్నమయ్య పాటలో ఉంది.