హైదరాబాదు కేంద్రంగా నడిచిన ప్రాంతీయ విమాన సంస్థలు ఎందుకు నిలవలేదు?

నాగోల్ వాసి (ప్రశ్న):

మా సొంత ఊరు కడప. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి, చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమాన ప్రయాణం అందించే ఉడాన్ పథకం కింద సిమ్లా–ఢిల్లీ విమానానికి జెండా ఊపినప్పుడే కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు సర్వీసులకు కూడా ఊపారు. ఆ రెండింటినీ నడిపింది మన నగరం కేంద్రంగా 2015 జులైలో ఎగరడం మొదలుపెట్టిన ట్రూజెట్. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ సర్వీసులు ఆగిపోయాయి. నేను ప్రయాణించినప్పుడల్లా సీట్లు దాదాపుగా నిండే ఉండేవి కాబట్టి, జనం లేక ఆగిపోయిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఇలాంటి సంస్థ రోజువారీగా ఎలా నడుస్తుంది, ఎక్కడ దెబ్బ తింటుంది? హైదరాబాదుకు అంతకు ముందు కూడా సొంత విమాన సంస్థ ఉండేదని మా నాన్నగారు చెప్పేవారు. దాని సంగతి కూడా తెలిసినవారు దయచేసి వివరించగలరు.

బేగంపేట పాఠకుడు:

మీ నాన్నగారు చెప్పినది డెక్కన్ ఎయిర్‌వేస్ గురించి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో స్థాపించిన ఆ సంస్థ బేగంపేట కేంద్రంగా, డకోటా విమానాలతో మద్రాసు, బెంగుళూరు, ఢిల్లీ వంటి నగరాలకు సర్వీసులు నడిపింది. మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు, ఆడవారితో విమానం నడిపిస్తే ప్రయాణికులు ఎక్కరంటూ ఇతర సంస్థలు తలుపులు మూసిన రోజుల్లో, ఉద్యోగం ఇచ్చింది ఈ హైదరాబాదు సంస్థే. నగర చరిత్రలో దీనికి దక్కవలసినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం. అయితే దీన్ని నిలవలేకపోయిన సంస్థల జాబితాలో చేర్చకూడదు. 1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు దేశంలోని ఇతర సంస్థలతో పాటు ఇది కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది.

చిన్న ఊళ్ల కోసమే పుట్టిన సంస్థ కావాలంటే వాయుదూత్‌ను చూడాలి. ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి 1981లో ముఖ్యంగా ఈశాన్య రాష్ట్రాల కోసం దాన్ని ప్రారంభించాయి. ఆ తర్వాత కాన్పూరులో తయారైన పంతొమ్మిది సీట్ల డార్నియర్ విమానాలతో దేశమంతటా విస్తరించింది. రాబడి రాని మార్గాలను నడపమని ఆదేశించిన ప్రభుత్వం ఆ నష్టాన్ని ఎవరు భరించాలో మాత్రం గట్టిగా తేల్చలేదు. చివరికి 1990ల మొదట్లో అది కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లోనే విలీనమైంది.

హ్యాంగర్ మనిషి:

ప్రాంతీయ విమానాల నిర్వహణ విభాగంలో పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. నాగోల్ వాసి గారి అనుమానం సరైనదే. ప్రాంతీయ సంస్థను కుంగదీసేది చాలాసార్లు ఖాళీ సీట్లు కాదు, విమానాల సంఖ్య తక్కువగా ఉండటం.

ట్రూజెట్ వాడిన ఏటీఆర్ 72 సుమారు డెబ్బై సీట్ల ప్రొపెల్లర్ విమానం. గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో ఎగిరే ఈ రకం విమానానికి జెట్ కంటే ఇంధనం చాలా తక్కువ పడుతుంది, పొట్టి రన్‌వే కూడా సరిపోతుంది. ఎనభై సీట్ల లోపు విమానాలకు ల్యాండింగ్ చార్జీల మినహాయింపు, నలభై టన్నుల లోపు విమానాల ఇంధనానికి అమ్మకపు పన్నులో వెసులుబాటు కూడా ఉన్నాయి. ఇంత వరకు లెక్క బాగానే కనిపిస్తుంది.

చిక్కంతా రోజు గడిచే తీరులో ఉంది. ఉదయం శంషాబాదులో బయలుదేరిన విమానం ఒక ఊరికి వెళ్లి, అరగంటలో ప్రయాణికులను దించి ఎక్కించుకుని తిరిగి వచ్చి, మళ్లీ మరో ఊరికి వెళుతూ సాయంత్రానికి ఐదారు ట్రిప్పులు పూర్తి చేయాలి. చిన్న విమానాశ్రయాలలో అనేకం పగటిపూట మాత్రమే పనిచేస్తాయి. పొద్దున పొగమంచు వల్ల మొదటి ట్రిప్పు గంటన్నర ఆలస్యమైతే, సూర్యాస్తమయం లోపు చేరలేక చివరి ట్రిప్పును రద్దు చేయక తప్పదు. ఇక విడిభాగం కోసం విమానం నేల మీదే ఆగిపోతే, దాన్ని మేము ఏఓజీ అంటాము, ఆ రోజు నాలుగైదు ఊళ్ల సర్వీసులు పోయినట్టే. అరవై విమానాలున్న సంస్థ మరో విమానాన్ని సర్దగలదు. అరడజను మాత్రమే ఉన్న సంస్థ ఒకదాన్ని అదనంగా ఖాళీగా ఉంచితే, సంపాదించే శక్తిలో ఆరో వంతును పక్కన పెట్టినట్టు అవుతుంది. విమానం ఎగిరినా ఎగరకపోయినా డాలర్లలో అద్దె, పైలట్ల జీతాలు, ఇంజిన్ల మరమ్మతు ఒప్పందాల సొమ్ము చెల్లిస్తూనే ఉండాలి.

ఉడాన్ విషయానికి వస్తే, 2017లో మొదలైనప్పటి నిబంధన ప్రకారం సగం వరకు సీట్లను గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయల పరిమితిలో అమ్మాలి. దాని వల్ల పడే లోటును మూడేళ్ల పాటు రాయితీగా పూడుస్తారు. అందులో మన వంటి రాష్ట్రాల వాటా 20 శాతం. ఆ మూడేళ్లలో మార్గం తన కాళ్ల మీద నిలబడుతుందని ఆశ. కానీ 2017 నాటి మార్గాలకు ఆ మూడేళ్లు నిండే వేళకే కోవిడ్ వచ్చి పడింది, 2020 మార్చి 25 నుంచి మే 24 వరకు దేశీయ విమానాలన్నీ ఆగిపోయాయి. తిరిగి మొదలైనప్పుడు కూడా మూడో వంతు సర్వీసులకే అనుమతి ఇచ్చి, టికెట్ ధరలకు ప్రభుత్వమే హద్దులు పెట్టింది. వెనుక డబ్బు నిల్వ లేని సంస్థకు అంత కాలం ఊపిరి బిగబట్టి ఉండటం చాలా కష్టం.

నాగోల్ వాసి:

ఎంతో ఓపికగా వివరించారు, ధన్యవాదాలు. అలాగైతే ఇండిగో ఇవే ఏటీఆర్ విమానాలను ఎలా నడపగలుగుతోంది?

బేగంపేట పాఠకుడు:

ఇండిగో ఏటీఆర్ సర్వీసులు 2017 డిసెంబరులో హైదరాబాదు నుంచే మొదలయ్యాయి. తిరుపతిలో ఎక్కినవారిని శంషాబాదులో అదే సంస్థ జెట్ విమానం అందుకుని ఒకే టికెట్ మీద ఢిల్లీకో గువాహటికో చేరుస్తుంది, సామాను కూడా నేరుగా అక్కడికే వెళుతుంది. చిన్న మార్గంలో మిగిలేది కొంచెమే అయినా, ఆ ప్రయాణికుడు పెద్ద మార్గంలో మరో సీటు నింపుతాడు. స్వతంత్ర సంస్థకు ఆ రెండో రాబడి ఉండదు. 1996లో మొదలై, ఎయిరిండియాకు అనుబంధంగా ఉండిన ప్రాంతీయ సంస్థ అలయన్స్ ఎయిర్ సంగతి వేరు. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లినా, అది ప్రభుత్వం వద్దే ఉండిపోయింది.

హ్యాంగర్ మనిషి:

ఆ మాటకు ఒకటి కలపాలి. రాయితీ గడువును మరికొన్నేళ్లు పొడిగించడం కంటే, చిన్న సంస్థలన్నీ కలిసి వాడుకునేలా హైదరాబాదు వంటి చోట ఒక ఉమ్మడి విడిభాగాల గిడ్డంగిని, అదనపు ఇంజిన్లను ఏర్పాటు చేస్తే ఎక్కువ మేలు జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. మరమ్మతు వసతులు శంషాబాదులో ఇప్పటికే ఉన్నాయి కాబట్టి, పెట్టుబడిని ఎవరు ఎంత పంచుకోవాలన్న చోటి నుంచే చర్చ మొదలుపెట్టవచ్చు.