లా చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న:
మాది నల్గొండ దగ్గర పల్లెటూరు. నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాశాను. నా ర్యాంకుకు వేరే రాష్ట్రంలోని నేషనల్ లా యూనివర్సిటీలో సీటు వచ్చేలా ఉంది. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 2.8 లక్షలు, ఐదేళ్లకు 14 లక్షలు. లోన్ 7.5 లక్షలు దాటితే తాకట్టు కావాలన్నారు బ్యాంకులో. మొన్న రాత్రి నాయనమ్మ ట్రంకుపెట్టె తెరిచి, పాత చీర మడతలోంచి ఇంటి కాగితాలు తీసి నా ఒళ్లో పెట్టింది. "సదువుకో బిడ్డా" అంది. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. జూనియర్ సివిల్ జడ్జి కావాలన్నది నా కోరిక. మన రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్‌లో కూడా ర్యాంకు ఉంది. ఇక్కడే చదవనా?

జవాబు 1:
చెల్లీ, నేను వరంగల్‌లో తొమ్మిదేళ్లుగా లాయరుగా ప్రాక్టీసు చేస్తున్నా. 2025 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరైంది. ఎక్కడ చదివినా ఆ మూడేళ్లు జూనియర్‌గా గడపాల్సిందే. మా సీనియర్ మొదట్లో నెలకు 4 వేలు ఇచ్చేవారు. బస్సుకు, జిరాక్సులకే అయిపోయేవి. అప్పు లేదు కాబట్టి ఓపిక పట్టాను. నాతోపాటు చేరిన అమ్మాయి ప్లెయింట్ (కోర్టులో వేసే దావా పత్రం) రాస్తే సీనియర్ ఒక్క పదం కూడా మార్చేవారు కాదు. లోన్ కిస్తీలు కట్టలేక రెండో ఏడే కోర్టు మానేసి ఉద్యోగంలో చేరింది. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

జవాబు 2:
నాది బ్యాంకులో లోన్ల సెక్షన్. చదువు అయ్యాక ఏడాది దాకా కిస్తీ ఉండదు, కానీ వడ్డీ మాత్రం ఆగదు. పది శాతం అనుకుని ఏటా 2.8 లక్షలు తీసుకుంటే, కిస్తీ మొదలయ్యేసరికి వడ్డీయే 5.6 లక్షలు. మొత్తం 19.6 లక్షలు. పదేళ్లపాటు నెలకు దాదాపు 26 వేలు కట్టాలి. అదీ మీరు జూనియర్‌గా ఉన్న రోజుల్లోనే మొదలవుతుంది. ఆ యూనివర్సిటీ కేంద్ర ప్రభుత్వ విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే తాకట్టు అక్కర్లేదు.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
చూశానండీ, జాబితాలో లేదు. ఆ 26 వేల లెక్క నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాగితాలు మళ్లీ పెట్టెలో పెట్టేశాం. లాసెట్ కౌన్సెలింగ్‌కు సర్టిఫికెట్లు సర్దుకుంటున్నా. అక్కా, సెలవుల్లో వరంగల్ వస్తే మీ వెంట కోర్టుకు రావచ్చా?